ఇమ్యూనిటీ ఎక్కువై గర్భం నిలవడం లేదా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. రెండుసార్లు గర్భం పోయింది. మొదటిది ఏడో వారంలో. రెండోది స్కాన్‌లో గుండె చప్పుడు వినిపించాక, 11వ వారంలో. ఇమ్యూనిటీ ఎక్కువైతే ఒళ్లే బిడ్డను తోసేస్తుందట. అందుకే మా అక్కకు కీళ్లవాతానికి రాసిన స్టెరాయిడ్ మాత్రలు నెల నుంచి వేసుకుంటున్నాను. ఇమ్యూనిటీ తగ్గాలంటే ఏం తినాలి? ఎన్‌కే సెల్స్ పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: తిండి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మాత్రలు. అలాగని రేపటి నుంచి ఠక్కున మానేయకండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యేది తగ్గిపోతుంది. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం ఉండొచ్చు. ఈ వారమే ఫిజీషియన్‌ను కలిసి, ఆ మాత్రల షీటు చూపించి, డోసు ఎలా తగ్గించాలో అడగండి. షుగర్, బీపీ కూడా చూపించుకోండి. అక్క జబ్బు వేరు, మీ సమస్య వేరు. పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇచ్చేస్తారు, నిజమే. ఇచ్చారు కదా అని వేసుకోవడమేనా అమ్మా?

ఎన్‌కే సెల్స్ అంటే నేచురల్ కిల్లర్ అనే రోగనిరోధక కణాలు. వాటి పరీక్షకు డబ్బు పోయకండి. గర్భసంచిలో ఉండే ఆ కణాలు మాయకు రక్తం బాగా అందేలా సాయపడతాయి. చేతి నుంచి తీసిన రక్తంలో వాటిని లెక్కపెట్టి గర్భం నిలుస్తుందో లేదో చెప్పలేం.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 11వ వారం. తొలి వారాల్లో పోయే గర్భాలకు ఎక్కువగా క్రోమోజోముల లోపమే కారణం. పది వారాలు దాటి, గుండె కొట్టుకున్న బిడ్డ పోయిందంటే మాత్రం యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉందేమో చూడాలి. ఇందులో ఒంట్లో తయారయ్యే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, మాయ సరిగా పాతుకోదు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు, ఈ మూడూ చేయించండి. పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయాలి. ఒక్క రిపోర్టుతో ముద్ర వేయకూడదు. జబ్బు ఉందని తేలితే గర్భంలో తక్కువ డోసు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తాం. హెపారిన్ మాయ దాటి బిడ్డకు చేరదు. చాలామందిలో మంచి ఫలితమే ఉంటుంది. ఇది చదివి ఆస్పిరిన్ కొనుక్కోకండి, దయచేసి! థైరాయిడ్, షుగర్, గర్భసంచి స్కాన్ కూడా కావాలి. కీళ్లనొప్పులు, ముఖంపై ఎర్రమచ్చలు మీకూ ఉంటే రుమటాలజిస్టును కలవండి. నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

మీ బ్లడ్ గ్రూపు రాయలేదు. మీది నెగెటివ్, ఆయనది పాజిటివ్ అయితే, గర్భం పోయినప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారా? బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారుకాకుండా 72 గంటల్లోపు ఇవ్వాల్సింది అది. పాత డిశ్చార్జి కాగితాలు వెతకండి.

ఇమ్యూనిటీ తగ్గించే తిండి అంటూ ఏదీ లేదు. ఇంట్లో వండింది తినండి, ఫోలిక్ యాసిడ్ మాత్రం డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. పరీక్షలు తేలేదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడితే మేలు. ఈలోగా వస్తే, మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదన్న పట్టింపు చుట్టాల దగ్గర పెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి మాత్రం ఆ వారమే వెళ్లండి.