ఖర్చు తగ్గింది కదా, మరి డబ్బేది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాయే. పదమూడేళ్లు హైదరాబాద్‌లో ఉన్నాం. మామగారికి పక్షవాతం రావడంతో పోయిన జూన్‌లో ఇక్కడికి వచ్చేశాం. అత్తమామలు నరసన్నపేట దగ్గర పల్లెలో ఉంటారు. పాప మూడో తరగతి. దాని బడి కోసం మేం శ్రీకాకుళం టౌన్‌లో అద్దెకు ఉంటున్నాం. మా ఆయనకు (39) వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు, నెలకు నాలుగు రోజులు హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లాలి. చేతికొచ్చే జీతం 1,35,000. నేను (36) అక్కడ లెక్కల టీచర్‌ని, 32,000 వచ్చేది, మానేశాను. నిజాంపేటలో 2019లో 58 లక్షలకు కొన్న మా ఫ్లాట్‌ని 24,000కి అద్దెకిచ్చాం. దాని మీద ఇంకా 40 లక్షల అప్పు ఉంది, ఈఎంఐ 38,000. ఎఫ్‌డీ 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 6 లక్షలు ఉన్నాయి. ఇక్కడికొస్తే నెలకు ముప్పై వేలైనా మిగులుతుందనుకున్నాం. ఎనిమిది నెలలైనా ఖాతాలో ఒక్క రూపాయి పెరగలేదు. నా జీతం పోవడం వల్లేనా? ఫ్లాట్‌కు 85 లక్షలు వస్తాయి, అమ్మేసి హైవే పక్కన సైట్లు కొనమని బంధువులు అంటున్నారు. వరసకు బావగారు ఒకాయన 5 లక్షల చీటీలో చేరమంటున్నారు. ఇక్కడి స్కూల్లో నాకు 12,000 ఇస్తామన్నారు, ఆ జీతానికి చేరబుద్ధి కావడం లేదు. నిజం చెప్పాలంటే ఈ ఊళ్లో నాకేమీ తోచడం లేదు. శనివారం వచ్చేసరికి కారెక్కితే గానీ ఊపిరాడదు.

జవాబు: ముందు మీ మొదటి అనుమానం తీర్చేస్తానమ్మా. మీ జీతం పోవడం వల్ల కాదు. హైదరాబాద్‌లో మీ ఇద్దరి జీతాలు కలిపి 1,67,000. ఇప్పుడు మీవారి జీతం, ఫ్లాట్ అద్దె కలిపి 1,59,000. తగ్గింది ఎనిమిది వేలే. ఆ ఎనిమిది వేలు పాప ఫీజు తగ్గడంలోనే పూడిపోయాయి. ఈ విషయంలో మీరు మనసు కష్టపెట్టుకోవద్దు.

మీరు పంపిన మూడు నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈఎంఐ 38,000, ఇక్కడి ఇంటద్దె 11,000, బడి ఫీజు, వ్యాను 7,000, మామగారి మందులు, ఆయన్ను చూసుకునే మనిషి జీతం 16,000, సరుకులు, పాలు, కరెంటు, నెట్ 28,000, మీవారి హైదరాబాద్ రాకపోకలు 9,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసేది) 15,000, ఇన్సూరెన్స్‌కు సగటున 4,000. మొత్తం 1,28,000. మిగలాల్సింది 31,000. అంటే ముప్పై వేలు మిగులుతాయన్న మీ అంచనా సరైనదే. ఆ డబ్బు మిగులుతోంది. మిగిలినది నిలవడం లేదు.

ఎటు పోతోందో ఫాస్టాగ్ చెప్పింది. ఆ మూడు నెలల్లో పదమూడు శనివారాలుంటే, పదకొండు శనివారాలు విశాఖ దారిలోని నాతవలస టోల్‌గేట్ దగ్గర మీ కారు పేరిట డబ్బు కట్ అయింది. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చారు. పోనూ రానూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పెట్రోలు, టోలు కలిపి రెండు వేలు, మధ్యాహ్నం భోజనం, సినిమా, పాపకు ఏదో ఒకటి, మాల్‌లో ఇంకేదో ఒకటి. విశాఖ వెళ్లిన ప్రతిసారీ సుమారు 5,500. మూడు నెలలకు అరవై వేల పైన, నెలకు ఇరవై వేలు. మిగతా పదకొండు వేలలో ఆరు వేలు పెళ్లిళ్లకూ పేరంటాలకూ, అయిదు వేలు ఆన్‌లైన్ ఆర్డర్లకూ పోయాయి.

నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేనూ 2011లో హైదరాబాద్ వదిలి విజయనగరం వచ్చినవాణ్ణి. మొదటి ఏడాది మా ఆవిడ పరిస్థితీ ఇదే. అక్కడ పక్కింటి తలుపు తడితే ఒక స్నేహితురాలు ఉండేది. ఇక్కడ చుట్టూ చుట్టాలే, కానీ ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఫలానావారి కోడలు, ఫలానావాడి భార్య. మీరూ పదమూడేళ్లు ‘మ్యాథ్స్ మేడమ్’గా బతికారు. ఆ పిలుపు ఒక్కసారిగా ఆగిపోయింది. విశాఖలో మీరు ఖర్చు పెడుతున్న ఇరవై వేలు సరదా ఖర్చు కాదు, ఒంటరితనం ఖర్చు. కాబట్టి వెళ్లడం మానేయండని చెప్పను. అలా చెబితే రెండు నెలలు ఆపుకుని మూడో నెల అంతకు రెట్టింపు ఖర్చు పెడతారు. నెలకు రెండుసార్లు వెళ్లండి, దానికి 11,000 పక్కన పెట్టుకోండి. మిగతా శనివారాలు సాయంత్రం కళింగపట్నం బీచ్‌కు వెళ్లి చూడండి. టోలు లేదు, మాలు లేదు. చీకటి పడే వేళకు ఇంటికి తిరిగొచ్చేయవచ్చు.

అందుకే స్కూలు ఉద్యోగం సంగతి మళ్లీ ఆలోచించమంటున్నాను. 32,000 తీసుకున్న చోటు నుంచి వచ్చి 12,000కు చేరాలంటే ఎవరికైనా చిన్నతనంగానే ఉంటుంది. కానీ మీరు పాత జీతంతో పోలుస్తున్నారు. పోల్చాల్సింది ఇప్పుడున్న సున్నాతో. ఇక్కడ చాలా బళ్లు శనివారం కూడా నడుస్తాయి. మీ ఖర్చులో పెద్దది శనివారమే. చేతికి వచ్చే 12,000, నెలకు రెండు ప్రయాణాలు తగ్గితే మిగిలే 9,000 కలిపితే మీ ఇంటి లెక్కలో ఆ ఉద్యోగం విలువ 21,000. అంతకంటే ముఖ్యం, ఆర్నెల్లలో మీరు టౌన్‌లో పదిమందికి ‘లెక్కల మేడమ్’ అవుతారు. ఆ పేరుతోనే సాయంత్రం ఇంట్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టవచ్చు. చేరే ముందు రెండు విషయాలు అడగండి: పీఎఫ్ కడతారా, వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా. ఈ రెండూ లేకపోతే ఇంకో బడి చూడండి. మీ జీతం మీ పేరున వేరే ఖాతాలో పడాలి. అందులో సగం మీ పేరు మీదే పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం)లోనో, షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లోనో వేయండి. ఇన్నాళ్లూ ఇంట్లో దాచిందంతా మీవారి పేరునే ఉంది, అది నాకు నచ్చలేదు.

ఇక బంధువుల పద్దు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఏడాదికి రెండు మూడు పెళ్లిళ్లకు వచ్చి వెళ్లేవారు. ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, సారె, పెద్దకర్మ, అన్నిటికీ పిలుపు వస్తుంది. ఇది వృథా ఖర్చని అనను. మామగారు పడిపోయిన రాత్రి కారు తీసుకుని పరుగెత్తుకొచ్చింది ఈ చుట్టాలే కదా. కానీ ఒక నోటుబుక్కు పెట్టండి. పల్లెలో ప్రతి పెళ్లి పందిట్లోనూ ఒకాయన బల్ల దగ్గర కూర్చుని ఊరు, పేరు, చదివింపు ఎంతో రాసుకుంటాడు చూడండి. మీ అత్తయ్యగారి దగ్గర అలాంటి పాత పుస్తకం ఉండే ఉంటుంది, అడగండి. మీ ఇంటి శుభకార్యాలకు ఎవరు ఎంత చదివించారో అందులో ఉంటుంది. దాన్ని బట్టి చదివిస్తే ఎక్కువా కాదు, తక్కువా కాదు. హైదరాబాద్ నుంచి వచ్చారని రెట్టింపు ఇవ్వడం మొదలుపెడితే, రేపు మీ పాప ఫంక్షన్‌కు వాళ్లూ అంత ఇవ్వాల్సి వస్తుంది. వాళ్లకు అదో బరువు. నెలకు ఆరు వేలు ఈ పద్దుకు ఉంచండి.

బావగారి చీటీ వద్దు. ఆయన మీద అనుమానంతో అనడం లేదు. చీటీ నడపాలంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద ముందుగా అనుమతి తీసుకుని రిజిస్టర్ చేయించాలి. నోటిమాట మీద నడిచే చీటీలో పాట పాడి డబ్బు తీసుకున్నవాళ్లు ఇద్దరు కట్టడం మానేస్తే, బావగారు ఎంత మంచివారైనా మీకు ఇవ్వలేరు. అప్పుడు డబ్బుతోపాటు బంధుత్వమూ పోతుంది. ‘ఫ్లాట్ లోనుకు ఎక్కువ కడుతున్నాం, చేతిలో లేదు’ అని చెప్పండి. ఎవరైనా చేబదులు అడిగితే, తిరిగి రాకపోయినా మీరు బాధపడనంత మొత్తమే ఇవ్వండి. ఇరవై వేలు, అంతకు మించి అయితే నగదుగా ఇచ్చిపుచ్చుకోవద్దు, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారా పంపి ప్రామిసరీ నోటు రాయించుకోండి. నోటు మీద కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఫ్లాట్ సంగతికి వస్తే, కనీసం ఏడాది పాటు ఏదీ అమ్మకండి, ఏదీ కొనకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

రణస్థలం దాటిన దగ్గర్నుంచి హైవేకు రెండు పక్కలా లేఅవుట్ల బోర్డులే. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పని ఏజెంటు లేడు. విమానాశ్రయం వల్ల చుట్టుపక్కల ధరలు పెరగవచ్చు, కాదనను. కానీ పెరగబోయే ధరను ముందే కలిపి మీకు అమ్ముతున్నారు. నేను విజయనగరం వచ్చిన మూడో నెలలోనే ఇలాగే 200 గజాలు కొన్నాను. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించాను, శుభ్రంగా ఉంది. తరువాత తెలిసింది, లేఅవుట్‌లోకి వెళ్లే దారి చెరువు పోరంబోకులో, అంటే చెరువుకు చెందిన ప్రభుత్వ భూమిలో ఉందని. ఈసీలో కనిపించేది ఎవరు ఎవరికి అమ్మారన్నదే, ఆ భూమి ఎలాంటిదో అందులో ఉండదు. అది తెలియాలంటే నిషేధిత భూముల జాబితా, అదే 22ఏ జాబితాలో సర్వే నంబరు చూడాలి, గ్రామ పటం చూడాలి, లేఅవుట్‌కు అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉన్నాయో లేదో చూడాలి. ఇవన్నీ తెలిసిన నేనే తొందరపడ్డాను. సొంతూరు వచ్చామన్న ఆనందంలో ఒక జాగా ఉండాలనిపించింది. లేఅవుట్ వేసినవాళ్లు తరువాత కనిపించలేదు. ఆ డబ్బు ఇప్పటికీ అక్కడే ఉంది. మీకు అలా జరగకూడదు.

లెక్క ప్రకారం చూసినా అమ్మకం కలిసిరాదు. 85 లక్షలకు అమ్మితే బ్యాంకుకు 40 పోతాయి. పైన 27 లక్షల లాభం మీద పన్ను ఉంది. మీరు 2024 జులై 23కు ముందు కొన్నారు కాబట్టి 12.5 శాతం చొప్పునో, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కిస్తే) 20 శాతం చొప్పునో, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే, లేదా మూడేళ్లలో కట్టుకుంటే మినహాయింపు ఉంది. ఖాళీ సైటు కొని వదిలేస్తే లేదు. మీ బంధువులు ఈ సంగతి చెప్పి ఉండరు. సైటు అద్దె కూడా తేదు. ఇప్పుడు మీ ఫ్లాట్ ఏడాదికి 2,88,000 తెస్తోంది. పన్ను లెక్కలో అద్దెకు ఇచ్చే మినహాయింపు 30 శాతం తీసేశాక మిగిలేది రెండు లక్షల చిల్లర. మీరు కట్టే వడ్డీ అంతకంటే ఎక్కువ కాబట్టి కొత్త పన్ను విధానంలో కూడా ఆ అద్దె మీద పన్ను పడదు. పైగా వర్క్ ఫ్రమ్ హోమ్ ఒక మెయిల్‌తో రద్దయిపోవచ్చు. అప్పుడు తిరిగి వెళ్లడానికి మీకో గూడు ఉండాలి. అద్దె అగ్రిమెంట్‌లో ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల నోటీసు రాశారో చూసుకోండి, రెండు నెలలకు మించకుండా ఉంటే మంచిది.

అందుకే మీ 9 లక్షల ఎఫ్‌డీని సైటు డబ్బుగా చూడవద్దు. జీతం ఆగిపోతే ఈఎంఐ, అద్దె, బడి, మామగారి ఖర్చు, ఇల్లు కలిపి నెలకు లక్ష. ఫ్లాట్ అద్దె పోను 76,000. శ్రీకాకుళంలో ఉండి మీవారి రంగంలో ఇంకో ఉద్యోగం వెతకాలంటే ఆరు నెలలు చాలకపోవచ్చు. తొమ్మిది నెలలకు 6,84,000, దానికి తోడు సామాను తిరిగి హైదరాబాద్ చేర్చి పాపను కొత్త బడిలో వేయడానికి లక్షన్నర. తొమ్మిది లక్షల్లో దాదాపు అంతటికీ పని ఉంది. ఇంకో చిన్న ఖర్చు మాత్రం వెంటనే పెట్టండి: ఇన్వర్టరు, వేరే కంపెనీది రెండో నెట్ కనెక్షన్. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజులు వస్తే ఇన్వర్టరు చాలదు, మీవారు ముందే హైదరాబాద్ బస్సెక్కాలి. కానీ నెలలో నాలుగైదుసార్లు మీటింగ్ మధ్యలో కరెంటు పోతే ఆఫీసులో ఆయన మీద ఉన్న నమ్మకం మెల్లగా కరిగిపోతుంది.

ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందే ఉందన్నారు. ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. మీ ముగ్గురికీ 10 లక్షల సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఒక్క జాగ్రత్త: కొన్ని పాలసీల్లో ఊళ్లను జోన్లుగా విడగొడతారు. శ్రీకాకుళం చిరునామాతో తీసుకుంటే ప్రీమియం తగ్గుతుంది, కానీ హైదరాబాద్‌లో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత వాటా మీరే కట్టాలంటారు. సంతకం పెట్టే ముందు ఆ షరతు చదవండి, విశాఖలో క్యాష్‌లెస్ ఆసుపత్రులు ఏవో రాసి ఇమ్మనండి. మామగారికి కొత్త పాలసీ దొరకడం కష్టం. దొరికినా ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆయన కోసం మ్యూచువల్ ఫండ్లలోంచి 3 లక్షలు, అవసరమైనప్పుడు వెంటనే తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌కు మార్చి ఉంచండి.

మీ ఎఫ్‌డీ మొత్తం ఒకే బ్యాంకులో మీవారి పేరున ఉంది, మార్చిలో గడువు తీరుతుందన్నారు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒకరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. ఆ రోజు ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి. నాలుగున్నర లక్షలు అక్కడే ఆయన పేరున తిరిగి వేసి నామినీగా మీ పేరు రాయించండి. మిగతా నాలుగున్నర లక్షలు ఇంకో బ్యాంకులో ఇద్దరి పేర్లతో, ఎవరైనా ఒకరు సంతకం పెట్టి తీసుకునేలా వేయండి. ఏప్రిల్, మే స్టేట్‌మెంట్లు వచ్చాక నాకు పంపండి, శనివారాలు ఎలా గడిచాయో కూడా రాయండి.