పంతొమ్మిదో పుస్తకంతో మొదలుపెట్టవచ్చా? – సమాధానం

హనుమకొండలో పాత పుస్తకాల దుకాణంలో ‘ఫీట్ ఆఫ్ క్లే’ దొరికిందనీ, అది డిస్క్‌వరల్డ్ అనే హాస్య ఫాంటసీ నవలల వరుసలో పంతొమ్మిదోదని తెలిసి ముందున్నవన్నీ చదవాలేమోనని ఆగిపోయాననీ రాశారు. అక్కరలేదండీ, ఈ రాత్రే తెరవండి.

ఇంగ్లిష్ రచయిత టెర్రీ ప్రాచెట్ రాసిన ఈ వరుసలోని 41 నవలలు ఒకే కథకు భాగాలు కావు. ఒకే లోకంలో పారే వేర్వేరు కాలువలు. మీ చేతిలో ఉన్నది నగర రక్షక దళం కథల్లో మూడోది. దానికి ముందువి రెండే: ‘గార్డ్స్! గార్డ్స్!’ (1989), ‘మెన్ ఎట్ ఆర్మ్స్’ (1993). దళాధిపతి వైమ్స్ ఒకప్పుడు తాగుడికి బానిస, అదే దళంలో పనిచేసే క్యారట్ మరుగుజ్జుల ఇంట పెరిగినవాడు. ఇంత తెలిస్తే చాలు.

1996లో వచ్చిన ఈ నవల అచ్చమైన అపరాధ పరిశోధన. నగర పాలకుడికి ఎవరో విషం పెడుతున్నారు, ఎలాగో అంతుపట్టదు. మరోపక్క తలలో దాచిన అక్షరాల బలంతో నడిచే మట్టిమనుషులు! నోరు లేని ఆ కూలీల మీద రచయిత చూపిన కరుణ కోసమే నేను దీన్ని మళ్లీ మళ్లీ చదువుతాను. వైమ్స్‌కు ఆధారాలంటేనే అనుమానం, అది గమనిస్తూ చదవండి. పేజీ అడుగున ఉండే చిన్న వివరణలను మాత్రం వదలకండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే ఇంకా హాయి.