సల్ఫేట్ నీళ్లతో పనిచేయబోయే మేనల్లుడికి

చిరంజీవి మనోహర్‌కు మామయ్య ఆశీస్సులు.

రాయదుర్గంలో అద్దకం నీళ్ల శుద్ధి కేంద్రం నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అక్కడ నీలిరంగు అందరి కంటా పడుతుంది గనుక దాని గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. రంగు బాగా పట్టడానికి వాడే గ్లాబర్ ఉప్పు సోడియం సల్ఫేటేననీ, నీలిరంగు ఇచ్చే ఇండిగోను కరిగించడానికి వేసే హైడ్రోస్ (సోడియం డైథయోనైట్) కూడా గాలి తగిలాక చాలావరకు సల్ఫేట్‌గానే మిగులుతుందనీ చెప్పేవాళ్లు తక్కువ. ఈ సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే సూక్ష్మజీవులను నీవు పూర్తిగా ఆపలేవు. అవి ఆ పని ఏ ట్యాంకులో చేయాలో నిర్ణయించడమే నీ ఉద్యోగం అనుకో.

వాటిని ఎవరూ తెచ్చి వేయనక్కరలేదు. బుక్కరాయసముద్రం చెరువు అంచున గానీ, కేసీ కాలువ కింది వరి మడిలో గానీ బురదను చేత్తో తవ్వి చూడు. పైన పలుచని గోధుమరంగు పొర, దాని కింద కారు నలుపు కనిపిస్తాయి. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. గాలికి ఆరబెడితే మెల్లగా మళ్లీ గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్లు నిలిచిన మట్టిలో సూక్ష్మజీవులు ముందుగా ఆక్సిజన్‌ను, తరువాత నైట్రేట్‌ను, ఆపైన మాంగనీసును, ఇనుమును శ్వాసకు వాడుకొని, అవన్నీ తరిగిపోయాక సల్ఫేట్ మీద పడతాయి. అదీ అయిపోయాకే మీథేన్ చేసే జీవులకు పూర్తి పెత్తనం దక్కుతుంది. సల్ఫేట్‌తో శ్వాసించే బ్యాక్టీరియాను డెల్ఫ్ట్‌లో బైయెరింక్ 1895లోనే గుర్తించాడు. మన వేరుశనగ చేలలో బస్తాల కొద్దీ జిప్సం వేస్తారు, అదీ సల్ఫేటే, అయినా ఆ ఎర్రనేల నల్లబడదు, ఎందుకంటే అక్కడ మట్టిలో గాలి ఆడుతుంది. సల్ఫేట్ ఉండాలి, తినడానికి సేంద్రియ పదార్థం ఉండాలి, గాలి అందకూడదు. ఈ మూడూ కలిసినచోటే పని మొదలవుతుంది.

అందుచేత చేరిన వెంటనే వచ్చే నీటిలో సల్ఫేట్, సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క) రెండింటినీ ఒకే శాంపిల్‌లో కొలిపించు. (సల్ఫేట్ పరీక్షలో బేరియం క్లోరైడ్ వేయగానే కమ్ముకొనే తెల్లని మసక బేరియం సల్ఫేట్, మన మంగంపేట ముగ్గురాయి కూడా అదే పదార్థం.) ఒక గ్రాము సల్ఫేట్ పూర్తిగా మారడానికి సుమారు 0.67 గ్రాముల సీఓడీ ఖర్చవుతుంది. లీటరుకు 1,200 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉందనుకుంటే 800 మిల్లీగ్రాముల సీఓడీ దానికే పోతుంది, 400 మిల్లీగ్రాముల వరకు సల్ఫైడ్ గంధకం పుడుతుంది. సీఓడీ సల్ఫేట్‌కు పది రెట్లకు మించి ఉంటే, గాలి తగలకుండా మీథేన్ గ్యాస్ తయారుచేసే రియాక్టర్ సాధారణంగా ఇబ్బంది పడదు. ఆ నిష్పత్తి పడిపోయే కొద్దీ గ్యాస్ తగ్గుతుంది, ఉన్న గ్యాస్‌లో కుళ్లిన గుడ్డు వాసన పెరుగుతుంది. అప్పుడు పీహెచ్ చూడాలి. 7 దగ్గర కరిగిన సల్ఫైడ్‌లో దాదాపు సగం హైడ్రోజన్ సల్ఫైడ్ రూపంలో ఉంటుంది, 8 దగ్గర అది సుమారు పదో వంతుకు దిగుతుంది. మీథేన్ చేసే జీవులను ఎక్కువగా బాధించేది ఆ రూపమే.

రియాక్టర్‌లో పుట్టిన సల్ఫైడ్‌ను పట్టుకోవడానికి దారులున్నాయి. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఐరన్ సల్ఫైడ్‌గా అడుగు బురదలో (స్లడ్జ్‌లో) కూర్చుంటుంది; గాలిని కొలిచి ఇస్తే వేరే బ్యాక్టీరియా దాన్ని లేతపసుపు గంధకంగా మారుస్తుంది, గాలి మితిమీరితే అది మళ్లీ సల్ఫేటే అవుతుంది. లోహాలున్న నీళ్లకైతే ఈ సల్ఫైడ్ మేలే చేస్తుంది: నెదర్లాండ్స్‌లోని బుడెల్ జింకు కర్మాగారంలో 1992 నుంచి ఈ బ్యాక్టీరియాతోనే భూగర్భజలంలోని జింకును జింక్ సల్ఫైడ్‌గా వేరుచేశారు.

నన్ను కలవరపెట్టేది రియాక్టర్ కాదు, దాని ముందున్న సంపు (నీళ్లు వచ్చి చేరే గుంత), ఆ నీళ్లను కలిపి సమం చేసే ఈక్వలైజేషన్ ట్యాంకు. కరెంటు పోయి గాలి ఊదే బ్లోయర్ ఆగినా, పండుగ సెలవులకు అద్దకం యూనిట్లు మూసి నీళ్లు నిలిచిపోయినా, మన ఎండలకు నీరు వేడెక్కి సల్ఫైడ్ అక్కడే తయారవుతుంది. దాని గుర్తులు మూత తీయగానే దొరుకుతాయి. నీటిమట్టానికి కింద కాంక్రీటు గట్టిగానే ఉంటుంది, పైభాగంలో మాత్రం తెల్లని మెత్తని పూత పట్టి, బయట నిలబడి పొడవాటి ఇనుప చువ్వతో గీస్తే ముద్దముద్దగా రాలుతుంది. పైకి లేచిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తడి గోడ మీది బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చగా, ఆ ఆమ్లం సిమెంటును జిప్సంగా మార్చివేసిన ఫలితం అది. బ్లోయర్‌కు జనరేటర్ కనెక్షన్ అడిగితే యాజమాన్యం ఖర్చు అంటుంది. ఆ రాలిన ముద్దను కాగితంలో పొట్లం కట్టి వారి బల్ల మీద పెట్టు.

ఇక ఆ వాయువు సంగతి. వాసన వస్తోందంటే జాగ్రత్తపడవచ్చు గానీ, వాసన లేదని ఎవరు చెప్పినా నమ్మవద్దు, ఎందుకంటే సుమారు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దగ్గర ముక్కు మొద్దుబారి ఏ వాసనా పట్టదు, కొన్ని వందల పీపీఎంలలో మనిషి నిమిషాల మీద కూలిపోతాడు. అది గాలికన్నా బరువైనది గనుక గుంత అడుగున నిలుస్తుంది. నిశ్చలంగా ఉన్న స్లడ్జ్‌ను పారతో కదిపినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. పైన గ్యాస్ మీటరు సున్నా చూపిందని మనిషిని దించితే, పార వేసిన తరువాత ఆ సున్నాకు విలువ లేదు. ఒకడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు దిగడం, అతనూ పడిపోవడం మన దేశంలో మళ్లీమళ్లీ జరుగుతున్నదే. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మాది ఫ్యాక్టరీ ట్యాంకు, ఆ చట్టం మాకు వర్తించదని ఎవరైనా వాదిస్తే నీవు ఆ వాదనలోకి దిగకు. సంపును బయటినుంచే సక్షన్ పంపుతో తోడించు, మీటరు లేని రోజు మూత తీయించకు, కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా సరే.

ఈ వారంలో సంపులోనూ, రియాక్టర్‌కు ముందూ వెనుకా శాంపిళ్లు తీయించి, సల్ఫేట్, సీఓడీ, సల్ఫైడ్, పీహెచ్ అంకెలు నాకు పంపు. రియాక్టర్‌కు చేరకముందే సల్ఫేట్ తగ్గి సల్ఫైడ్ పెరిగి ఉంటే, ముందు సంపు సంగతి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య,
అనంతపురం.