ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అంటోంది మా అమ్మాయి, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ, కిరాణా షాపు. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పాసైంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదువుతానంటోంది. నాగావళి నీళ్లు సీసాల్లో పట్టి ఇంటి నిండా పెట్టింది. మా బావమరిది విశాఖలో సీఎస్‌ఈ (కంప్యూటర్ ఇంజనీరింగ్)లో చేర్చమంటున్నాడు. రెంటిలో ఏది మేలు? ఇది చదివితే రేపు ఫ్యాక్టరీల ముందు జెండా పట్టుకుంటుందేమోనని టెన్షన్.

జవాబు: మీరు అడిగింది పోలిక. అసలు బెంగ మాత్రం జెండా గురించే. ఆ బెంగ పెట్టుకోకండి. మీ చుట్టుపక్కల పేపరు మిల్లుకైనా, అల్యూమినా ఫ్యాక్టరీకైనా వదిలే నీళ్లను పరీక్షించే మనిషి కావాలి. నమూనాను 300 మిల్లీలీటర్ల సీసాలో నింపి, 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి, ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలుస్తారు. బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) పరీక్ష అంటే అదే, ఆక్సిజన్ ఎంత ఎక్కువ తగ్గితే నీళ్లలో అంత మురికి ఉన్నట్టు. ఈ చదువులో రోజువారీ పని ఇలాంటిది. రేపు ఫ్యాక్టరీల మీద జనం మాట వినే పబ్లిక్ హియరింగ్‌లో లేచి ప్రశ్న అడిగినా తప్పేముంది? 2013లో నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం వద్దని 12 గ్రామసభలు చెప్పింది మీ జిల్లాలోనూ, పక్క కలహండిలోనూ కదా!

నా అనుమానం వేరే ఉంది. ఇప్పుడు 'సస్టెయినబిలిటీ', 'క్లైమేట్' అని పేరు తగిలించిన డిగ్రీల మోజు ఎక్కువైంది. బ్రోషర్ చూసి ఫీజు కట్టేయకండి. ల్యాబ్ చూపించమనండి, వారానికి ఎన్ని గంటలు ప్రాక్టికల్స్ ఉంటాయో అడగండి. ఇంకో చిక్కు: ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష అర్హత సబ్జెక్టుల్లో కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ, జియాలజీ ఉన్నాయి, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు. పదిహేడేళ్లకే ఆ తలుపు మూసుకోవడం ఎందుకు? బీఎస్సీలో కెమిస్ట్రీయో జువాలజీయో చదివి, ఎమ్మెస్సీలో ఇటు రావడం మేలు. ఆంధ్రా యూనివర్సిటీలో ఈ శాఖ ఉంది. కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలో జీవవైవిధ్యం మీద చదువుంది. యూజీసీ నెట్‌లోనూ ఈ సబ్జెక్టు ఉంది కాబట్టి లెక్చరర్ దారి తెరిచే ఉంటుంది. ఒడిశా సర్కారు ఉద్యోగాల మీద ఆశ ఉంటే ఒడియా సబ్జెక్టు పాసైనట్టు సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోండి, మన తెలుగు పిల్లలు చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు.

సీఎస్‌ఈ ఇష్టమున్నవాళ్లకు మంచి చదువే. మీ అమ్మాయి అది అడగలేదు.

ఒక్క మాట గట్టిగానే అంటాను, ఏమనుకోకండి. బావమరిది ఏమన్నాడో రాశారు. అమ్మాయి ఆ నీళ్లు ఎందుకు పట్టిందో ఒక్క ముక్క రాయలేదు. ఎప్పుడైనా అడిగారా? ఇంట్లోనే ల్యాబ్ మొదలుపెట్టిన పిల్లను పట్టుకుని ఊళ్లోవాళ్ల సలహాలు ఏరుకుంటున్నారు! ఇవాళ రాత్రి షాపు కట్టేశాక ఆ సీసా ఒకటి చేతిలోకి తీసుకుని, ఏ రేవులో పట్టావమ్మా అని అడగండి. ఆమె ఏం చెప్పిందో నాకు రాయండి, కాలేజీల సంగతి అప్పుడు చూద్దాం.