4294967297 ప్రధాన సంఖ్య ఎందుకు కాలేదు?

ప్రశ్న: 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే అయినప్పుడు, అదే వరుసలో తరువాత వచ్చే 4294967297 ఎందుకు కాలేదు? యంత్రాలు లేని రోజుల్లో ఆ సంగతి ఎలా తేల్చారు?

జవాబు: ఈ వరుసలో 2 ఘాతాంకాలు 1, 2, 4, 8, 16 అయి, ప్రతిసారీ ఫలితానికి 1 కలుస్తుంది, కాబట్టి మీరడిగిన సంఖ్య 2³² + 1. ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా భావించాడు గాని, నిరూపణ మాత్రం ఇవ్వలేకపోయాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దీనిని 641 × 6700417గా విడగొట్టి ఆ ఊహను తోసిపుచ్చాడు.

మామూలు పద్ధతిలోనైతే 65536 లోపు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడాలి. అయితే 2³² + 1ను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానిని 64తో భాగిస్తే శేషం 1 రావలసిందేనని ఆయిలర్ తరువాత నిరూపించాడు. ఆ షరతుకు నిలిచే ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641 కాబట్టి అయిదో ప్రయత్నంలోనే పని పూర్తవుతుంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త లూకాస్ 64 స్థానంలో 128 ఉంచవచ్చని చూపడంతో 257, 641 మాత్రమే మిగిలాయి. వీటిలో 257ను పరీక్షించనక్కరలేదు: 3 × 5 × 17 × 257 × 65537 లబ్ధం 4294967295, అంటే మన సంఖ్యకంటే సరిగ్గా 2 తక్కువ, 257 రెండింటినీ భాగిస్తే వాటి భేదమైన 2ను కూడా భాగించాలి, అది అసాధ్యం.

641 భాగిస్తుందనడానికి భాగహారం కూడా అవసరం లేదు, ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 641ని 5 × 2⁷ + 1 అనీ, 5⁴ + 2⁴ అనీ రెండు విధాలుగా రాయవచ్చు. మొదటి రూపాన్నిబట్టి 641 అంటే 640 + 1, కాబట్టి అది 640⁴ – 1ను, అంటే 5⁴ × 2²⁸ – 1ను భాగిస్తుంది. రెండో రూపాన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది, దానినీ 641 భాగిస్తుంది. ఈ రెండింటిలో పెద్దదాని నుంచి చిన్నదానిని తీసివేస్తే మిగిలేది 2³² + 1.

ఇక 6700417 కూడా ప్రధాన సంఖ్యే. దానికి కారణాంకాలుంటే వాటిలో కనీసం ఒక ప్రధాన సంఖ్య 2588కి మించదు, అది 2³² + 1నూ భాగిస్తుంది గనుక 128తో భాగిస్తే శేషం 1 రావాలన్న పై షరతునూ పాటించాలి. 257ను ముందే తోసేశాం గనుక 641, 769, 1153, 1409 మాత్రమే మిగులుతాయి. వీటితో భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 44, 120, 334, 622. 65537 తరువాత ఈ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.