ఆర్‌లో ఫర్ లూప్ వదిలి ఫంక్షనల్ పద్ధతికి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డేటా విశ్లేషణకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఫర్ లూప్‌లతో (ఒకే పనిని వరసగా మళ్లీ మళ్లీ చేయించే కోడ్) పని నడుస్తూనే ఉందని, ఎల్-అప్లై, ఎస్-అప్లైలను (మనం రాసిన ఫంక్షన్‌ను, అంటే ఒక కోడ్ ముక్కను, జాబితాలో ప్రతిదానికీ వర్తింపజేసేవి) చూస్తే మాత్రం తల తిరుగుతోందని మీరు అన్నారు. నాదీ చాలా కాలం అదే పరిస్థితి. జిల్లాకొకటి చొప్పున 33 వర్షపాతం ఫైళ్లు నెత్తిన పడ్డాకే నేర్చుకున్నాను.

అంతవరకూ ఒకే మూసలో రాసేవాణ్ణి: ఖాళీ పట్టిక, ఫైలు చదవడం, ఆర్‌బైండ్‌తో కింద అతికించడం. అతికించిన ప్రతిసారీ ఆర్ పాత వరుసలన్నీ మళ్లీ కాపీ చేస్తుంది, అందుకే ఫైళ్లు పెరిగేకొద్దీ నత్తనడక. మీరు లూప్ సంగతి పక్కన పెట్టి, ముందు ఒక్క ఫైలుకు సరిపోయే ఫంక్షన్ రాయండి. ఒక జిల్లాకు సరిగ్గా పనిచేస్తే దాన్ని ఎల్-అప్లై చేతికివ్వండి. వచ్చిన లిస్టును, అందులోని అన్నిటినీ ఒకేసారి అందించే డూ-కాల్ సాయంతో ఆర్‌బైండ్‌కు అప్పగించి చివర్లో ఒక్కసారే కలపండి. సగం విద్య ఇదే.

ఎస్-అప్లైని మాత్రం నమ్మకండి. అది ఫలితాలను వీలైతే వెక్టర్‌గా, అంటే ఒకే రకం విలువల వరుసగా, మార్చి ఇస్తుంది. ప్రతి జిల్లాలో ఎక్కువ వాన పడిన మండలం పేరు దానితోనే తీసేవాణ్ణి. జిల్లాకొక పేరు, చక్కటి వెక్టర్, వారాల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు ఒక జిల్లాలో రెండు మండలాలు సరిసమానంగా నిలిచాయి. అంతే, ఎస్-అప్లై చడీచప్పుడు లేకుండా వెక్టర్‌కు బదులు లిస్టు ఇచ్చింది, పాఠాన్ని అతికించే పేస్ట్ ఫంక్షన్ దాన్నీ మింగేసింది. నివేదికలో మండలం పేరుండాల్సిన చోట 'సి' అక్షరం, బ్రాకెట్లు, కొటేషన్లలో రెండు పేర్లు! అది పైవాళ్ల కంట పడ్డాకే నాకు తెలిసింది. దీని బదులు ఇలాంటిదే అయిన వి-అప్లై వాడి, దానికి 'ఒక్క పేరే రావాలి' అని ముందే చెప్పి ఉంటే, ఏ ఫైలు దగ్గర తేడా వచ్చిందో చెప్పి అక్కడే ఆగిపోయేది. నాలుగు అక్షరాలు ఎక్కువ టైపు చేయాలన్న బద్ధకమే నన్ను ముంచింది.

ఫంక్షన్‌ను తయారుచేసే ఫంక్షన్లకు వచ్చాక ఇంకో గుంట ఉంది. 15.6, 64.5, 115.6 మిల్లీమీటర్ల వాన హద్దులకు ఒక్కొక్కటి చొప్పున మూడు ఫంక్షన్లను ఫర్ లూప్‌లో తయారు చేశాను. మూడూ 115.6తోనే లెక్కపెట్టాయి! ఆర్ బద్ధకంగా, అవసరం పడేదాకా ఆర్గ్యుమెంటు (ఫంక్షన్‌కు ఇచ్చే ఇన్‌పుట్) విలువ చూడదు. చూసేసరికి లూప్ అయిపోయి ఉంటుంది. తయారీ ఫంక్షన్ మొదటి వరుసలో, విలువను వెంటనే చూడమని చెప్పే ఫోర్స్ అని రాస్తే సరిపోతుంది. ఎల్-అప్లైతో తయారుచేస్తే ఆర్ 3.2 నుంచి ఆ బెడద కూడా లేదు.

రెడ్యూస్ (జాబితాలోని వాటిని రెండేసి కలుపుతూ ఒక్కటిగా చేసేది) కోసం ఇప్పుడే తొందరపడకండి. నాకు ఏడాదికి రెండుసార్లు కూడా అవసరం పడదు.