బొలోన్యాకు వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నీకు ఇటలీలోని బొలోన్యాలో మాస్టర్స్ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నాకు నోట మాట రాలేదు. 1088లో మొదలైందని చెప్పుకునే యూనివర్సిటీలో మన ఇంటి పిల్ల! మరి రూమ్ దొరికిందా అంటే, "వెళ్లాక చూసుకుంటుందట" అంది. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. కోదిచే ఫిస్కాలే అనే పన్ను నంబరు వెళ్లగానే తీసుకో. దిగిన 8 పనిదినాల్లో పోస్టాఫీసులో ఇచ్చే ఫారాల కిట్ నింపి పెర్మెస్సో ది సోజోర్నోకి, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డుకి, అప్లై చెయ్యి. కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు, అందాకా ఆ రసీదే నీకు ఆధారం, పాస్‌పోర్టుతో పాటు దాచుకో. మంచి బూట్లు కొనుక్కో, అక్కడి చలికాలం పొగమంచు, చెమ్మతో ఎముకల్లోకి దిగుతుంది.

ఇక అసలు సంగతి, రూమ్. ఆ ఊరి వీధుల పొడవునా స్తంభాల వసారాలు చూస్తావు, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కినవి. ఊళ్లోకి జనం, చదువుకునేవాళ్లు పెరిగి ఇళ్లు చాలక, పై అంతస్తుల్ని వీధి మీదికి పొడిగించుకుంటూ పోతే ఏర్పడినవే అవి. ఇళ్ల కరువు ఆ ఊరికి అప్పట్నుంచీ ఉన్నదే, ఇప్పుడూ సెప్టెంబరు వచ్చేసరికి గదుల కోసం పిల్లలు పరుగులు పెడుతుంటారు. ఆ తొందరలోనే మోసపోతారు.

నేనక్కడ ఉన్నప్పుడు గుంటూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, చదువులో చురుకైనవాడు. ఓనరు కాంట్రాక్టు వద్దు, పన్ను మిగులుతుంది కాబట్టి అద్దె తగ్గిస్తాను అంటే సరేనన్నాడు. మేము చెప్పినా వినలేదు, అందరూ ఇలాగే ఉంటున్నారు ఆంటీ అన్నాడు. తర్వాత స్కాలర్‌షిప్ వాళ్లు, ఊరికి దూరంగా అద్దెకుంటున్న విద్యార్థికి ఇచ్చే పూర్తి మొత్తం కావాలంటే రిజిస్టరైన అద్దె కాంట్రాక్టు చూపించమన్నారు. వాడి దగ్గర ఏముంది చూపించడానికి? తగ్గిన అద్దెకి ఎన్నో రెట్లు అక్కడే పోయింది. అంతటితో అయినా బాగుండేది. వసంతంలో ఆ ఊళ్లో అంతర్జాతీయ పిల్లల పుస్తకాల ప్రదర్శన జరుగుతుంది, హోటళ్లన్నీ నిండిపోతాయి. ఆ రోజుల్లో ఎక్కువ డబ్బులిచ్చేవాళ్లు దొరికారని ఓనరు వీణ్ని వారంలో ఖాళీ చెయ్యమన్నాడు. అడ్వాన్స్ తిరిగివ్వలేదు. సూట్‌కేసులు పట్టుకుని మా ఇంటికొచ్చి వంటింట్లో పడుకున్నాడు. ఎదురుగా పరీక్షలు, వాళ్లమ్మ ఫోన్ చేస్తే అంతా బాగుంది అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

నువ్వూ అచ్చం అలాంటిదానివే, కష్టం వస్తే చెప్పవు. పదో క్లాసులో జ్వరంతోనే పరీక్ష రాసొచ్చి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు, నేను మర్చిపోయాననుకున్నావా? అక్కడ అలా చేస్తే ఊరుకోను. మీ తాతయ్యగారు అద్దె కట్టి రసీదు లేకుండా ఇంటికొచ్చేవారు కాదు, ఆయన మనవరాలివి నువ్వు.

కాంట్రాక్టు సంతకమైన 30 రోజుల్లో ఆజెన్‌త్సియా దెల్లె ఎంత్రాతెలో, అంటే పన్ను ఆఫీసులో, రిజిస్టర్ కావాలి. రిజిస్టర్ చెయ్యని కాంట్రాక్టు అక్కడ చట్టం ముందు చెల్లదు. అయిందని ఓనరు చెబితే చాలదు, ఆ కాగితం అడిగి తీసుకో. మన దేశస్థులకి ఇల్లిచ్చినవాళ్లు 48 గంటల్లో పోలీసులకి తెలియజేయాలి, దాని కాపీ కూడా అడుగు. ఇవి అడిగితే మొహం మాడ్చుకునే ఓనరు మనకి వద్దు, ఊరి బయటైనా సరే, బస్సులున్నాయి.

తిండి గురించి మీ అమ్మ ఊరికే బెంగపడుతోంది. బంగ్లాదేశీ కొట్లలో బియ్యం, పప్పులు దొరుకుతాయి. నువ్వు మాంసం తినవు కాబట్టి తొర్తెల్లీని అనే కూరిన పాస్తా జోలికి పోకు, లోపల పంది మాంసం, బయట మాంసం రసం. రికోత్తా అనే మెత్తటి చీజ్ పెట్టిన పెద్ద రకం, తొర్తెల్లోనీ, వెన్నలో వేసిస్తారు, అది తిను, నీకు నచ్చుతుంది.

గది చూశాక కాంట్రాక్టు ఫొటోలు ప్రతి పేజీ నాకు పంపు, ఇటాలియన్ నేను చదివి చెప్తాను. అందాకా ఒక్క యూరో కూడా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ పిన్ని